గుంటూరు డాక్టరమ్మ అన్నా కుగ్లర్

మా కల్లూరులో గానీ, పెనుబల్లి, సత్తుపల్లి వైపు గానీ ఆసుపత్రి వరండాలో ఉదయం పూట కాసేపు నిలబడి చూడండి. వచ్చిన ఆడవాళ్ళు చీటీ రాయించుకోకముందే లేడీ డాక్టరు ఉన్నారా అని అడుగుతారు. ఉన్నారంటే బల్ల మీద కూర్చుంటారు. లేరంటే కొందరు జ్వరమని, తలనొప్పని పైపై మాట ఏదో చెప్పి నాలుగు మాత్రలు తీసుకుని వెళ్ళిపోతారు. అసలు బాధ చెప్పకుండానే బస్సెక్కుతారు. అడవి అంచు ఊళ్ళ నుండి తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన కోయ తల్లులైతే ఆ ప్రశ్న కూడా అడగరు. మౌనంగా వెనక్కి తిరుగుతారు.

ఈ రోజుల్లోనే సంగతి ఇలా ఉంటే, 140 ఏళ్ళ కిందట ఎలా ఉండేదో ఊహించండి. అప్పుడు మన కల్లూరు నైజాం రాజ్యంలో ఉంది. భద్రాచలం, దుమ్ముగూడెం గోదావరి జిల్లాలో, అంటే బ్రిటిష్ వారి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. కృష్ణానదికి ఆవల ఉన్న గుంటూరుకు ఇంకా సొంత జిల్లా లేదు. అది కృష్ణా జిల్లాలో భాగం. ఈ ప్రాంతాలన్నిటిలో ఒక సంగతి మాత్రం ఒక్కటే. పురుడు కష్టమైతే మంత్రసాని, ఆమె చేతకాదంటే దేవుడు. అంతకుమించి ఆడదానికి దిక్కు లేదు. మగ డాక్టరు ఉన్న పట్టణంలో కూడా ఆయన ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. ఘోషాలో ఉన్న స్త్రీ తెర వెనుక నుండి చెయ్యి చాపితే నాడి చూసి వెళ్ళాలి. బిడ్డ అడ్డం తిరిగిన తల్లికి ఆ నాడి చూసి ఏమి చేయగలరు?

అటువంటి రోజుల్లో, 1883 నవంబరు నెలలో, 27 ఏళ్ళ ఒక అమెరికా స్త్రీ గుంటూరులో అడుగుపెట్టారు. ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. గుంటూరులో నేటికీ కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివారు లేరు. కానీ ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి, ముఖ్యంగా ఆమె డాక్టరుగా ఈ దేశానికి రావడానికి ఎవరెవరిని ఒప్పించవలసి వచ్చిందో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఈ వారం ఆ జీవితాన్ని కొంచెం తెలుసుకుందాం.

చదువు దొరికిన తలుపు

అన్నా 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకు దగ్గరలో ఉన్న ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. కుటుంబం లూథరన్ సంఘానికి చెందినది. ఆమె పుట్టిన కాలానికి అమెరికాలో ఆడపిల్ల డాక్టరు కావడం ఇంకా వింతగానే ఉండేది. ఎలిజబెత్ బ్లాక్‌వెల్ అనే యువతి 1849లో వైద్య పట్టా పొంది, ఆ దేశంలో అలా పొందిన మొదటి స్త్రీ అయ్యారు. అంటే అన్నా పుట్టడానికి కేవలం ఏడేళ్ళ ముందు. ఆమెకు చోటిచ్చిన కాలేజీ తప్ప, అంతకుముందు అడిగిన కాలేజీలన్నీ కాదన్నాయి.

అయితే ఫిలడెల్ఫియాలో క్వేకర్ క్రైస్తవులు కొందరు ఇంకో దారి వెతికారు. ఉన్న కాలేజీలు ఆడవాళ్ళను రానివ్వకపోతే ఆడవాళ్ళ కోసమే ఒక కాలేజీ పెడదాం అనుకున్నారు. అలా 1850లో మొదలైనది పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల. ఆ కాలేజీ దారి కూడా నున్నగా ఏమీ లేదు. 1869లో ఆ కాలేజీ విద్యార్థినులు పాఠం వినడానికి ఊళ్ళోని పెద్ద ఆసుపత్రికి వెళ్తే, అక్కడి మగ విద్యార్థులు ఈలలు వేశారు, కాగితం ఉండలు విసిరారు, వీధి వరకు వెంటపడి అల్లరి చేశారు. ఆ పిల్లలు మాత్రం బెదరలేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఆ మరుసటి ఏడాది స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో కూడా పరీక్ష రాయడానికి వచ్చిన స్త్రీల మీద బురద చల్లారు. ఖండాలు వేరైనా తీరు ఒక్కటే.

ఆ ఫిలడెల్ఫియా కాలేజీకి మన దేశంతో పెద్ద బంధమే ఉంది. 1869లో అక్కడ పట్టా పుచ్చుకున్న క్లారా స్వేయిన్ 1870 జనవరిలో ఉత్తర భారతంలోని బరేలీకి చేరుకున్నారు. వైద్యపట్టాతో మిషనరీగా మన దేశానికి వచ్చిన మొదటి స్త్రీ ఆమెనే అంటారు. మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి సముద్రం దాటి వెళ్ళి 1886లో పట్టా పొందినదీ ఆ కాలేజీలోనే. ఈ ఇద్దరికీ మధ్య, 1879లో, అన్నా కుగ్లర్ అక్కడ చదువు ముగించారు.

పట్టా చేతికొచ్చాక ఆమె నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో చేరారు. అక్కడ స్త్రీల విభాగానికి ఆలిస్ బెన్నెట్ అనే వైద్యురాలు అధిపతి. ఒక స్త్రీని అటువంటి విభాగానికి పెద్దగా నియమించడం ఆ రోజుల్లో అరుదు. మతి చలించిన స్త్రీలను గొలుసులతో కట్టివేయకుండా, చేతికి పని చెప్పి, ఓపికతో చూసుకునే పద్ధతిని బెన్నెట్ నడిపించారు. ఆమె దగ్గర రెండేళ్ళకు పైగా పనిచేసిన అన్నాకు మంచి జీతం, గౌరవం, ఎదుగుదల అన్నీ ఉన్నాయి. ఇల్లు కూడా దగ్గరే.

డాక్టరు వద్దు, టీచరు కావాలి

ఆ సమయంలో గుంటూరు నుండి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది అక్కడ సేవ చేస్తున్న లూథరన్ మిషనరీ ఆడమ్ రో. తెలుగు స్త్రీలు వైద్యం లేక పడుతున్న యాతన ఆయన కళ్ళారా చూశారు. ఆ తలుపు లోపలికి వెళ్ళగలిగేది ఒక స్త్రీ మాత్రమేనని ఆయనకు అర్థమైంది. ఆ ఉత్తరం అన్నా మనసులో నాటుకుపోయింది. ఆమె తన సంఘపు స్త్రీల మిషనరీ సొసైటీకి దరఖాస్తు పెట్టుకున్నారు.

ప్రియమైన పాఠకులారా, ఇక్కడే మనం ఆగి ఆలోచించవలసిన సంగతి ఉంది. ఆ సొసైటీ ఆమెను కాదనలేదు. కానీ డాక్టరుగా పంపడానికి ఒప్పుకోలేదు. 1879లో ఏర్పడిన ఆ సొసైటీ అప్పటికి ఇంకా పసిబిడ్డ. వైద్య సేవ అంటే ఖర్చు. మందులు, గదులు, పరికరాలు కావాలి. దానికి తోడు, వాక్యం చెప్పడం మిషనరీ పని గానీ మందులివ్వడం ఎందుకనే సందేహం ఆ రోజుల్లో అనేక సంఘాలలో ఉండేది. కాబట్టి బాలికల బడులు చూసుకోవడానికి, ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు బోధించడానికి, అంటే జనానా పనికి ఆమెను నియమించారు. పట్టా ఉన్న డాక్టరును, డాక్టర్లే లేని దేశానికి, డాక్టరు పని చేయడానికి కాక పంపారు.

ఆమె స్థానంలో మరొకరుంటే అలిగి ఊరుకునేవారేమో. లేదా కొన్నాళ్ళు ఆగుదాం, వాళ్ళ మనసు మారాక వెళ్దాం అనుకునేవారేమో. అన్నా రెండూ చేయలేదు. ఇచ్చిన పనికి ఒప్పుకున్నారు. మందులు, పరికరాలు కూడా పెట్టెలో సర్దుకున్నారు. 1883లో ఓడ ఎక్కి, ఆ ఏడాది చివరికి గుంటూరు చేరారు.

గుంటూరులో లూథరన్ మిషన్ అప్పటికి 40 ఏళ్ళ వయసున్నది. 1842లో ఫాదర్ హయ్యర్ దాన్ని ప్రారంభించారు. ఆ పెద్దాయన కూడా నడివయసు దాటాక అమెరికా వెళ్ళినప్పుడు వైద్యం చదివి పట్టా తెచ్చుకున్న మనిషి. అంటే ఆ మిషనుకు మందు పెట్టె కొత్తదేమీ కాదు. లేనిదల్లా గడప దాటి లోపలి గదికి వెళ్ళగల డాక్టరే.

మైల పడిన చేతులు

వచ్చిన కొత్తల్లో ఆమె రోజులు రెండు భాగాలుగా గడిచేవి. సొసైటీ అప్పగించిన పని ఒకటి: హిందూ బాలికల బడి, ముస్లిం బాలికల బడి, వాటి టీచర్లు, హాజరు పట్టీలు, జనానా ఇళ్ళ సందర్శనం. పైగా తెలుగు నేర్చుకోవాలి. రెండోది, ఎవరూ అప్పగించనిది. దొరసాని వైద్యం కూడా తెలిసినదట అన్న కబురు వీధి వీధికి పాకడంతో గుమ్మం ముందు జనం చేరసాగారు. ఆమె ఎవరినీ పొమ్మనలేదు. మొదటి ఏడాదిలోనే తామున్న మిషన్ ఇంట్లో 276 మందికి, రోగుల ఇళ్ళకు వెళ్ళి 185 మందికి ఆమె వైద్యం చేశారు. ఆసుపత్రి లేదు, నర్సు లేదు, పక్కన మరో డాక్టరు లేరు. అంతా బడి పని అయ్యాక మిగిలిన సమయంలోనే.

ఈ లెక్క వింటే జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నారని అనిపిస్తుంది. నిజం అంత సులువుగా లేదు. పెద్ద కులాల దృష్టిలో ఆమె మ్లేచ్ఛురాలు. ఆమె ముట్టుకుంటే మైల. రోగి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిలిచేవారు. ఆమె వెళ్ళగానే ఆమె తాకిన చోటల్లా కడుక్కునేవారు. ఆమె చేతి నీళ్ళతో కలిపిన మందు పుచ్చుకోవడానికి వెనుకాడేవారు. బ్రతికించే చేతులు కావాలి, ఆ చేతి స్పర్శ వద్దు.

మన సంఘాల్లో చాలామందికి ఈ సంగతి వింటే పాత గాయం తగిలినట్టు ఉంటుంది. మన తాతముత్తాతలు ఊరి బావి దగ్గర, గుడి దగ్గర, హోటలు గ్లాసు దగ్గర ఏమి అనుభవించారో అదే అవమానం, తెల్లదొరల కాలంలో ఒక తెల్ల దొరసానికి కూడా ఇంటి గడప దగ్గర ఎదురైంది. అయితే తేడా ఒకటి ఉంది. ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి వెళ్ళిపోగలరు. మనవాళ్ళకు వెళ్ళడానికి మరో ఊరు లేదు. తిరిగి వెళ్ళిపోగల స్వేచ్ఛ ఉండి కూడా ఆమె ఆ గడప దగ్గరే నిలబడ్డారు. ఆమె సేవలో నాకు పెద్దదిగా తోచేది ఈ నిలబడటమే.

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, ఎవరికీ చెప్పుకోలేక గుంపులో వెనుక నుండి వచ్చి ప్రభువు వస్త్రపు చెంగు ముట్టుకున్న స్త్రీ కథ మనందరికీ తెలుసు. ఆమె జబ్బు సిగ్గుతో దాచుకునే జబ్బు. అప్పటి ఆచారం ప్రకారం మైల తెచ్చే జబ్బు. గుంటూరు వీధుల్లో అన్నా కుగ్లర్ రోజూ చూసినది అటువంటి స్త్రీలనే. వాళ్ళు వెనుక నుండి రానక్కరలేకుండా ఎదురుగా వచ్చి చెప్పుకోగల చోటు ఒకటి ఉండాలని ఆమె ఆశించారు.

దుకాణం గది నుండి ఆసుపత్రి దాకా

రెండేళ్ళు గడిచాయి. గుంటూరు నుండి వెళ్ళిన లెక్కలు, నివేదికలు అమెరికాలోని స్త్రీల సొసైటీని ఒప్పించాయి. 1885 చివరిలో ఆమెను అధికారికంగా వైద్య మిషనరీగా నియమించారు. 1886లో చిన్న ఇంట్లో డిస్పెన్సరీ మొదలైంది. మనవాళ్ళు మందుల గది అనేవారే, అటువంటిది. కడుపునొప్పులు, కళ్ళ జబ్బులు, పుండ్లు, చలిజ్వరాలు, అన్నిటికంటే ఎక్కువగా కష్టమైన కాన్పులు ఆమె దగ్గరికి వచ్చేవి. ఇళ్ళ నుండి పిలుపు వచ్చేసరికి చాలాసార్లు అప్పటికే రెండు మూడు రోజులు గడిచిపోయి ఉండేవి. తల్లి నీరసించి, బిడ్డ కదలిక ఆగి, మంత్రసాని చేతులెత్తేసిన తర్వాత కబురు వచ్చేది. అటువంటి రోగులకు ఇంటి మట్టినేల మీద, కిరోసిన్ దీపం వెలుగులో చేయగలిగేది కొంతే. అందుకే రోగిని ఉంచుకుని చూసే పడకలున్న ఆసుపత్రి కావాలని ఆమె పట్టుబట్టారు.

1889లో సెలవు మీద స్వదేశం వెళ్ళినప్పుడు ఆమె విశ్రాంతి తీసుకోలేదు. వైద్యంలో వచ్చిన కొత్త పద్ధతులు నేర్చుకున్నారు. ఊరూరా తిరిగి సంఘాల్లో స్త్రీలకు గుంటూరు సంగతి చెప్పారు. ఆ ఆసుపత్రికి పునాది వేసిన డబ్బులో పెద్ద భాగం అలాంటి స్త్రీల చిన్న చిన్న కానుకలే. మన తల్లులు వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు బియ్యం దేవునికని వేరే కుండలో వేసేవారు కదా, అటువంటివే ఆ కానుకలు. ఒక్కో పిడికెడు చిన్నదే. కుండ నిండితే గుడి కట్టారు, బడి కట్టారు, గుంటూరులో ఆసుపత్రి కట్టారు.

1891లో ఆమె తిరిగి వచ్చారు. ముందు డిస్పెన్సరీకి సొంత భవనం లేచింది. ఆ దశాబ్దం ముగియకముందే స్త్రీలకు, పిల్లలకు పడకలున్న ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. కాథరిన్ ఫాస్ అనే నర్సు, మేరీ బేర్ అనే మరో వైద్యురాలు వచ్చి తోడయ్యారు. పదేళ్ళకు పైగా ఒంటరిగా లాగిన బండికి ఇప్పుడు జోడెడ్లు దొరికినట్టయింది. తర్వాతి ఏళ్ళలో పిల్లల వార్డు, కాన్పుల వార్డు, శస్త్రచికిత్స గది ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పల్నాడు వైపు రెంటచింతలకు కూడా వైద్య సేవ విస్తరించింది.

ఆసుపత్రి పెరిగేకొద్దీ ఊరి తీరు కూడా మెల్లగా మారింది. ఆమె తాకిన చోటు కడుక్కున్న వీధుల నుండే ఆడవాళ్ళు వచ్చి వార్డులో పడుకోసాగారు. అన్ని కులాల వాళ్ళు, అన్ని మతాల వాళ్ళు ఒకే కప్పు కింద ఉండటం ఆ ఊరు అంతకుముందు ఎక్కడా చూసి ఉండదు. మొదట వేరే వంట, వేరే నీళ్ళు, బంధువులు తోడు అన్నీ కావలసి వచ్చాయి. ఆమె ఉపన్యాసం చెప్పి ఎవరి ఆచారాన్నీ మార్చలేదు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్న మనిషికి పక్క మంచం కులం గుర్తుండదు. కోలుకున్నాక కొందరు మళ్ళీ పాత తీరుకే వెళ్ళారు, కొందరు వెళ్ళలేకపోయారు.

అలా వెళ్ళలేకపోయినవారిలో ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహద్దూర్ గారి పేరు చెప్పుకోవాలి. ఆయన హిందువు, విద్వాంసుడు. ఆయన భార్య ప్రాణాపాయంలో ఉన్నప్పుడు కుగ్లర్ గారి వైద్యంతో బ్రతికారు. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చే బంధువులు ఉండటానికి, వండుకోవడానికి అది వీలుగా ఉండేది. ఆసుపత్రి గేటు ముందు చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని వండుకున్న అనుభవం ఉన్న మన పాఠకులకు ఆ సత్రం విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఆమె దాని గురించి గొప్పలు పోయినట్టు ఎక్కడా కనబడదు. తన జీవితపు చివరి రోజుల్లో ఆమె రాసిన పుస్తకం కూడా తన గురించి కాదు. 1928లో వెలువడిన ఆ పుస్తకానికి గుంటూరు మిషన్ ఆసుపత్రి పేరే పెట్టారు.

మన ఆడపిల్లలు ఎక్కడ?

ఇంతవరకు చెప్పినది ఒక విదేశీ స్త్రీ కథ. దీన్ని ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ఆ రోజుల్లో మన తెలుగు ఆడపిల్లలు ఏమి చేస్తున్నారు?

మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలకు తలుపు తెరిచింది. మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు వనితతో కలిపి నలుగురు ఆ ఏడాది చేరారు. ప్రపంచంలో ఎన్నో పెద్ద కాలేజీలు ఇంకా తలుపులు మూసుకున్న కాలమది. మన వైపు హైదరాబాదు వైద్య పాఠశాలలో కూడా 1885లో కొందరు యువతులు చేరారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి క్లోరోఫారం మత్తు ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరు పొందారు.

విశాఖపట్నంలో లండన్ మిషన్ పాదిరి పులిపాక జగన్నాథం గారి కుమార్తె ఆనీ జగన్నాథం. ఆమె మద్రాసులో వైద్యం చదివి, అక్కడితో తృప్తిపడక సముద్రం దాటి ఎడిన్‌బరో వెళ్ళారు. బురద చల్లించుకున్న స్త్రీలలో ఒకరైన సోఫియా జెక్స్-బ్లేక్ స్థాపించిన మహిళా వైద్య పాఠశాలలో చదివి 1890లో అర్హత పొందారు. బ్రిటనులో వైద్య అర్హత సాధించిన మొదటి భారతీయ స్త్రీగా ఆమెను లెక్కిస్తారు. మన తెలుగు పాదిరి గారి అమ్మాయి! తిరిగి వచ్చి బొంబాయిలోని కామా ఆసుపత్రిలో పనిచేశారు. కానీ క్షయవ్యాధి సోకి 1894లో, సుమారు 30 ఏళ్ళకే కన్నుమూశారు. అన్నా కుగ్లర్‌కు గుంటూరులో దొరికిన 47 ఏళ్ళలో నాలుగో వంతు కాలం కూడా ఆనీకి దొరకలేదు. దొరికి ఉంటే తెలుగు దేశపు వైద్య చరిత్రలో ఇంకొక ఆసుపత్రికి తెలుగు పేరు ఉండేదేమో.

మిషన్ ఆసుపత్రులను మనం గౌరవంగా గుర్తు చేసుకుంటూనే ఒక సంగతి ఒప్పుకోవాలి. చాలాకాలం పాటు వాటిలో డాక్టర్లు పడమటి దేశాలవారు, నర్సులు, కాంపౌండర్లు, బైబిలు స్త్రీలు మనవాళ్ళు. గుంటూరు ఆసుపత్రి మన క్రైస్తవ బాలికలకు, వితంతువులకు నర్సు పని నేర్పింది. అది చిన్న మేలు కాదు. ఇంట్లో బరువనిపించుకున్న వితంతువు తెల్లచీర కట్టుకుని, జీతం తెచ్చుకుని, ఊరికి ప్రాణం పోసే మనిషిగా నిలబడింది. ఈనాటికీ దేశమంతటా ఏ ఆసుపత్రికి వెళ్ళినా నర్సమ్మలలో క్రైస్తవులు ఎక్కువగా కనబడటానికి వేరు అక్కడే ఉంది. అయితే నర్సును చేసినంత త్వరగా డాక్టరును చేయలేకపోయారు. దానికి చదువు, డబ్బు, కాలేజీ మూడూ కావాలి.

ఆ లోటు తీర్చడానికే దక్షిణ భారతంలోని మిషన్లు చేతులు కలిపి స్త్రీల కోసం ఒక వైద్య పాఠశాల ఉండాలని పూనుకున్నాయి. ఐడా స్కడర్ గారి నాయకత్వంలో 1918లో వేలూరులో అది ప్రారంభమైంది. ఆ ప్రయత్నాన్ని బలపరచినవారిలో కుగ్లర్ గారు కూడా ఉన్నారు. మొదటి జట్టులో 14 మంది అమ్మాయిలు ఆ ఏడాది పరీక్ష రాశారు. ఆడపిల్లలు ఏమి పాసవుతారులే అని పెదవి విరిచినవారు ఉన్నారు. 14 మందీ పాసయ్యారు. మగ విద్యార్థులలో పాసైనవారు అయిదుగురిలో ఒక్కరే.

మన తెలంగాణ వైపు డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పి, 1932లో మరణించేవరకు వారి మధ్యనే ఉన్నారు. మన గోదావరి అడవుల్లో దుమ్ముగూడెం దగ్గర కోయల మధ్య 1860 నుండి సువార్త సేవ జరిగింది. బడి పెట్టడంతో బాటు మందు పెట్టె తెరవడం కూడా ఆ మిషనరీల దినచర్యలో భాగమే. కానీ గుంటూరులాంటి పట్టణానికి దొరికిన డాక్టరమ్మ అడవి లోపలి పల్లెకు దొరకడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కొన్ని పల్లెలకు ఇంకా దొరకలేదు.

చివరి దినాలు, మిగిలిన పని

కుగ్లర్ గారు వివాహం చేసుకోలేదు. మధ్యమధ్య సెలవు మీద స్వదేశం వెళ్ళినా గుంటూరే ఇల్లు అనుకున్నారు. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడటం ఆమె కళ్ళతో చూశారు. వృద్ధాప్యంలో ఆరోగ్యం దెబ్బతిన్నా తిరిగి వెళ్ళి పుట్టిన ఊళ్ళో ఉండాలని అనుకోలేదు. 1930 జూలై 26న, 74 ఏళ్ళ వయసులో, తాను పునాది వేసి పెంచిన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. ఆ తర్వాత ఆసుపత్రి ఆమె పేరుతో పిలువబడింది.

ఆమె జీవితం చదివినప్పుడల్లా నా మనసు పతకాల దగ్గర, భవనాల దగ్గర నిలవదు. ఆ మొదటి రెండేళ్ళ దగ్గరికే వెళ్తుంది. సంఘం నిన్ను డాక్టరుగా పంపము అన్నది. ఊరు నీ చెయ్యి మైల అన్నది. ఆ రెండు మాటల మధ్య నిలబడి, బడిగంట కొట్టి, పాఠం ముగించి, సాయంత్రం పెట్టె పట్టుకుని వీధిలోకి నడిచిన ఒక యువతి. సంఘం తర్వాత మనసు మార్చుకున్నది. ఊరు కూడా మార్చుకున్నది. కానీ అవి మారేవరకు ఆగి ఉంటే ఆ 461 మంది రోగుల సంగతి ఏమయ్యేది?

సంఘ పెద్దలారా, మనం ఆ సొసైటీని తప్పుపట్టే ముందు మన కమిటీ పుస్తకాలు ఒకసారి తిరగేద్దాం. ప్రతి ఏడూ పండుగ దీపాలకు, మైకు సెట్టుకు, గుడి రంగులకు ఎంత రాస్తున్నాం? మన సంఘంలో ఇంటర్ మంచి మార్కులతో పాసై, ఫీజు కట్టలేక పొలానికో, పెళ్ళికో వెళ్ళిపోయిన ఆడపిల్ల పేరు ఆ పుస్తకంలో ఎక్కడైనా ఉందా? వాక్యసేవకు అబ్బాయిని పంపడానికి కానుక పడుతుంది. నర్సింగుకో, వైద్యానికో అమ్మాయిని పంపుదామంటే అది వాళ్ళ ఇంటి విషయం అంటాం. 1883లో సముద్రానికి ఆవల పెద్దలు అన్న మాటకు, మనం ఇప్పుడు అంటున్న మాటకు ఎంత దూరం?

అడవి అంచున పుట్టిన అమ్మాయి డాక్టరై తిరిగి వస్తే ఆమెకు కోయ మాట వస్తుంది, ఊరి దారి తెలుస్తుంది, ఎవరి అత్తగారు ఎందుకు అడ్డు చెబుతారో తెలుస్తుంది. కుగ్లర్ గారు ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్న నమ్మకం ఆమెకు పుట్టుకతోనే ఉంటుంది. ఆమెను చదివించడానికి ఓడ ఎక్కనక్కరలేదు. ఒక సంఘం అయిదేళ్ళు పిడికెడు బియ్యం వేరే కుండలో వేస్తే చాలు.

రేపు ఉదయం కూడా కల్లూరులో ఆసుపత్రి వరండాలో ఒక తల్లి నిలబడి లేడీ డాక్టరు ఉన్నారా అని అడుగుతుంది. ఆమెకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వం ఒక్కటే కాదు.